రెండో వీడియో ఎందుకు పెడతారు?

మీ యాప్‌ను లక్షమంది డౌన్‌లోడ్ చేసుకున్నారంటే మీ ప్రచారం పనిచేసిందని అర్థం. వాళ్లలో పదివేలమంది ఒక పాటో, బొమ్మో, వీడియోనో తయారుచేసి పెట్టారంటే యాప్ వాడడానికి సులువుగా ఉందని అర్థం. ఆ పదివేలమందిలో మళ్లీ వచ్చి రెండోది పెట్టినవాళ్లు ఎంతమంది? నా దృష్టిలో నమ్మదగిన లెక్క ఇదొక్కటే. మొదటిది సరదాకి చేస్తారు, స్నేహితుడు పోరు పెట్టాడని చేస్తారు. రెండోది చెయ్యాలంటే మొదటిదానికి ఏదో ఒక ఫలితం దక్కి ఉండాలి.

ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలోనో, ఉద్యోగంలో చేరిన కొత్తలోనో చాలామంది కుర్రవాళ్లకు ఈ ఆలోచన వస్తుంది. మన తెలుగువాళ్ల కోసం పాటలదో, కథలదో, చిన్న వీడియోలదో ఒక యాప్ చెయ్యాలని. మంచి ఆలోచనే. అయితే కాగితం మీద మొదట రాసుకునేది ఫీచర్ల జాబితా. ముప్ఫై ఫిల్టర్లు, లైవ్, చాట్, కాయిన్లు, లీడర్‌బోర్డు. ఆ జాబితాలో మనిషి ఎక్కడా కనిపించడు. ఈ అధ్యాయం ఆ మనిషి గురించి. అతను రావాలంటే అతని భయం తీసెయ్యాలి. అతను ఉండాలంటే అతని కోసం అక్కడ ఎవరో ఒకరు ఎదురుచూడాలి. మిగిలినవన్నీ ఈ రెండింటి తరవాతే.

భయం ఎలా పోతుంది

పాడడం వచ్చినవాళ్లు మన ఇళ్లలో తక్కువేం కాదు. నలుగురి ముందు పాడమంటే గొంతు సరిగా లేదంటారు. ఫోటో తీస్తారు, పెట్టమంటే బాగా రాలేదంటారు. సృజన లేక కాదు, నవ్వుతారేమోనని ఆగిపోతారు. ఇన్‌స్టాగ్రామ్ పుట్టుకలో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్ పెట్టిన కెవిన్ సిస్ట్రోమ్, మైక్ క్రీగర్ మొదట నడిపిన యాప్ పేరు బర్బన్. మీరెక్కడున్నారో స్నేహితులకు చెప్పడం, కార్యక్రమాలు కుదుర్చుకోవడం, ఫోటోలు పెట్టడం, ఇలా అందులో చాలా ఉండేవి. వాడేవాళ్లు మాత్రం ఫోటోల దగ్గరే ఆగుతున్నారు. దాంతో వాళ్లు మిగతాదంతా తీసేసి ఫోటో, కామెంటు, లైకు మాత్రం ఉంచారు. అదే ఇన్‌స్టాగ్రామ్ అయింది. ఆ రోజుల్లో సెలవుకి మెక్సికో వెళ్లినప్పుడు సిస్ట్రోమ్ స్నేహితురాలు ఒక మాట అంది. నా ఫోటోలు నీ స్నేహితుడి ఫోటోలంత బాగుండవు, నేను పెట్టలేను అని. ఆ స్నేహితుడు ఫిల్టర్లు వాడతాడని సిస్ట్రోమ్‌కి తెలుసు. అక్కడే కూర్చుని ఎక్స్-ప్రో టూ అనే ఫిల్టరు రాశాడు. అప్పటి ఫోన్ కెమెరాలు తీసే బొమ్మలు అంతంతమాత్రం. ఫిల్టరు ఆ లోపాన్ని కప్పి, కావాలనే అలా తీసినట్టు చేసింది. ఫోటోగ్రఫీ రానివాడు కూడా సిగ్గుపడకుండా పెట్టగలిగాడు. 2010 అక్టోబరు 6న విడుదలైన రోజే పాతికవేలమంది చేరారు. 2012 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ దాన్ని వందకోట్ల డాలర్లకు కొన్నప్పుడు అందులో పనిచేస్తున్నది 13 మంది.

క్రీగర్ చేసిన ఇంకో పని గురించి తక్కువమంది మాట్లాడతారు. ఫోటో కింద మాట రాసి, పంపే బటన్ నొక్కాక అప్‌లోడ్ మొదలుపెట్టడం మామూలు పద్ధతి. అతను మీరు మాట రాస్తుండగానే వెనకాల అప్‌లోడ్ మొదలుపెట్టించాడు. బటన్ నొక్కేసరికి పని దాదాపు అయిపోయి ఉంటుంది. నెమ్మదిగా నడిచే నెట్‌వర్కులో ఇది చిన్న విషయం కాదు. తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చున్న మనిషికి ‘పెట్టకపోతే ఏం’ అనిపించడానికి పది సెకన్లు చాలు. ఆ పది సెకన్లు అతనికి దొరక్కుండా చేశారు.

మ్యూజికల్లీ అనే యాప్ కథ దీనికి తోడు. షాంఘైలో అలెక్స్ జూ, లుయు యాంగ్ మొదట చేసింది చదువు చెప్పే యాప్. నిపుణులు కొద్ది నిమిషాల పాఠాలు చెప్పాలి, జనం చూడాలి. పాఠం తయారుచెయ్యడానికి గంటలు పట్టేది, చూసేవాళ్లకు ఓపిక ఉండేది కాదు. చేతిలో డబ్బు దాదాపు అయిపోయింది. అమెరికాలో ఒక రైల్లో స్కూలు పిల్లలు కొందరు పాటలు వింటుంటే, కొందరు సెల్ఫీలు, వీడియోలు తీసుకుంటుంటే జూ గమనించాడు. ఈ రెండూ కలిపితే? అలా పుట్టింది పాటకు పెదాలు కదిపే పదిహేను సెకన్ల వీడియోల యాప్.

అప్పట్లో దాన్ని తెరిస్తే జరిగే వరస చూడండి. ఖాళీ కెమెరా ఎదురుపడేది కాదు, ముందు పాటల జాబితా వచ్చేది. పాట ఎంచుకోగానే ఏం చెయ్యాలన్న ప్రశ్న సగం తీరిపోయేది. గొంతు మీది కాదు కాబట్టి శ్రుతి తప్పుతుందన్న దిగులు ఉండేది కాదు. వేగం తగ్గించి రికార్డు చేసుకునే వీలుండేది, అప్పుడు చేతులూ పెదాలూ పాటకు నిదానంగా అందేవి, చూసేటప్పుడు మామూలు వేగంలో చురుగ్గా కనిపించేవి. నచ్చకపోతే ఆ ముక్క చెరిపేసి మళ్లీ తీసుకునే వీలుండేది. పదిహేను సెకన్లే కాబట్టి బాగా లేకపోయినా పోయేదేమీ ఉండేది కాదు. భయం పుట్టగల ప్రతి చోటా ఎవరో ముందే వెళ్లి కూర్చుని ఆలోచించారని తెలుస్తుంది.

గమనించే అలవాటు వాళ్లకు ఇంకోసారీ పనికొచ్చింది. 2015లో ప్రతి గురువారం డౌన్‌లోడ్లు పెరగడం చూశారు. ఆ సాయంత్రాలే అమెరికాలో లిప్ సింక్ బాటిల్ అనే టీవీ కార్యక్రమం వస్తోంది. కార్యక్రమం చూసి పెదాలు కదపాలనుకున్న పిల్లలు యాప్ వెతుక్కుంటున్నారన్నమాట. అలాగే ఇన్‌స్టాగ్రామ్‌లో పంచుకున్న వీడియోల మీద తమ లోగో కత్తిరింపులో పోతోందని చూసి, దాన్ని కనిపించే చోటికి జరిపారు. ఆ వేసవిలోనే అమెరికా ఆపిల్ యాప్ స్టోర్‌లో మొదటి స్థానానికి చేరింది.

పనిముట్టు దగ్గరే ఆగిపోయినవి

2015లో మన ఫోన్ల నిండా డబ్‌స్మాష్ వీడియోలే. బ్రహ్మానందం డైలాగుకి పెదాలు కదిపిన మేనకోడలు, బాలకృష్ణ డైలాగు చెప్పిన ఆఫీసు మేనేజరు. 2014 నవంబరులో బెర్లిన్‌లో మొదలైన యాప్ అది. భయం తీసెయ్యడంలో దానికి సాటి లేదు. మరి ఏమైంది? వీడియో తయారవగానే అది వాట్సాప్‌కి వెళ్లిపోయేది. నవ్వడం అక్కడ, పొగడడం అక్కడ, ఇంకోటి చెయ్యమనడం అక్కడ. డబ్‌స్మాష్ లోపల మీకోసం ఎవరూ లేరు. సరదా తీరాక దాన్ని తెరవడానికి కారణం మిగల్లేదు. తరవాత దాన్ని సోషల్ నెట్‌వర్కుగా మార్చి నడిపారు, 2020 డిసెంబరులో రెడిట్ కొనుక్కుంది, 2022లో మూసేశారు. ఫోటోలకు పాతకాలపు కెమెరా అందం ఇచ్చే హిప్‌స్టమాటిక్ ఇన్‌స్టాగ్రామ్ కంటే ముందే వచ్చి మంచి పేరు తెచ్చుకుంది. అక్కడ తీసిన ఫోటోలు కూడా వేరేచోట పెట్టుకోవలసివచ్చేది.

పనిముట్టు కోసం వస్తారు, మనుషుల కోసం ఉంటారు. ఈ రంగంలో పనిచేసేవాళ్లందరూ ఒప్పుకునే మాటే ఇది. ఒప్పుకున్నా, మనుషుల్ని ఎలా ఏర్పాటు చెయ్యాలో ఆలోచించేవాళ్లు తక్కువ. కామెంటు పెట్టె ఒకటి ఇస్తే సరిపోతుందనుకుంటారు.

సగం పాట

ఇక్కడ స్మ్యూల్ అనే పాటల యాప్ గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. కుర్రవాళ్ల చర్చల్లో ఈ పేరు రాదు. మన అమ్మలు, పెద్దమ్మలు, రిటైరైన మేష్టార్లు, అమెరికాలో ఉన్న బాబాయిల ఫోన్లలో ఉంటుంది. 2008లో జెఫ్ స్మిత్, స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు గె వాంగ్ కలిసి పెట్టిన కంపెనీ అది. ఆ ఏడే వాళ్లు ఫోన్ మైకులోకి ఊదితే పిల్లనగ్రోవిలా మోగే ఒకరీనా అనే యాప్ చేశారు. ప్రపంచంలో ఎక్కడో ఎవరో ఊదుతున్నది కూడా అందులో వినే వీలుండేది. అంటే మొదటినుంచీ వాళ్ల మనసు రెండో మనిషి మీదే ఉంది.

స్మ్యూల్‌లో యుగళగీతం ఎలా నడుస్తుందో దగ్గరగా చూడండి. ఏలూరులో ఒకావిడ వంటపని ముగించుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, పాత సినిమా పాట ఒకటి తెరిచిందనుకుందాం. తెరమీద సాహిత్యం కదులుతుంది. ఆమె పంక్తులు ఒక రంగులో, ఎదుటివారివి మరో రంగులో ఉంటాయి. తన పంక్తులు పాడుతుంది. ఎదుటివారి పంక్తులు వచ్చినప్పుడు మౌనంగా ఉంటుంది. గొంతుకు కాస్త ప్రతిధ్వని కలిపి, సగం పాటను అలా తెరిచి ఉంచి నిద్రపోతుంది. డాలస్‌లో అప్పుడు పగలు. ఎవరో ఒకాయన ఆ సగం పాట చూసి, ఆమె వదిలిన ఖాళీల్లో తన గొంతు కలుపుతాడు. పొద్దున్నే లేచేసరికి పాట పూర్తయి ఉంటుంది. ఆయన ఎవరో ఆమెకు తెలియదు. అయినా ‘చాలా బాగా పాడారండీ’ అని ఒక మాట, ‘మీరు కలిపాక నిండుగా వచ్చిందండీ’ అని జవాబు.

ఈ ఏర్పాటులోని గొప్పతనం ఏమిటంటే, ఇక్కడ స్పందన కోసం వేరే ప్రయత్నం అక్కర్లేదు. సగం పాటే పిలుపు. పూర్తి పాట వింటే ‘బాగుంది’ అని పక్కకి జరుగుతాం. సగం పాట వింటే మిగతా సగం మన నోట్లోకి వచ్చేస్తుంది. వినడానికి వచ్చినవాడు పాడేవాడైపోతాడు. టిక్‌టాక్‌లో డ్యూయెట్ కూడా ఇదే పని చేసింది. ఒకరి వీడియో పక్కన మీ వీడియో నిలబడుతుంది.

ఆన్‌లైన్ సమూహాల్లో దాదాపు 90 శాతం మంది చూసి ఊరుకుంటారని, 9 శాతం అప్పుడప్పుడూ, 1 శాతం ఎక్కువగా పాల్గొంటారని జాకబ్ నీల్సన్ 2006లో రాశాడు. ఉజ్జాయింపు లెక్కే అయినా అనుభవానికి దగ్గరగా ఉంటుంది. ఆ 90లో కొందరిని ఇటువైపు రప్పించాలంటే ‘మీరూ సృష్టించండి’ అని నోటిఫికేషన్ పంపితే రారు. వాళ్లకు ఒక ఖాళీ చూపించండి. బొమ్మల యాప్ అయితే రంగులు వెయ్యని ముగ్గు ఒకటి పెట్టండి. కథల యాప్ అయితే మొదటి పేరా రాసి వదిలెయ్యండి. పద్యాలైతే సమస్య ఇచ్చి పూరించమనండి. అవధానాలు చూసి పెరిగిన జాతికి ఆ పద్ధతి ఒకరు నేర్పక్కర్లేదు.

కొత్తవాడికి చూపరులు

మొదటి వీడియోకి రెండే వ్యూస్ వచ్చి, అవీ తనవే అయితే, రెండో వీడియో రాదు. పాత నెట్‌వర్కులన్నిటి జబ్బు ఇదే. ఫాలోయర్లు ఉన్నవాడికే ఫాలోయర్లు. టిక్‌టాక్ ఈ గోడను పగలగొట్టింది. ఫాలోయర్ల సంఖ్య గానీ, ఇంతకుముందు వీడియోలు ఎంత ఆడాయన్నది గానీ తమ సిఫారసులో నేరుగా లెక్కలోకి రావని, వీడియోను చివరిదాకా చూశారా లేదా అన్నది బలమైన గుర్తని ఆ కంపెనీ 2020లో ప్రకటించింది. పేరులేని పల్లెటూరి మనిషి వీడియో కూడా తెలియనివాళ్ల తెరమీదికి వెళ్లే అవకాశం దొరికింది. ఇక్కడ ఆటో డ్రైవర్లు, వ్యవసాయ కూలీలు, గృహిణులు అంతమంది అందులో కనిపించడానికి అది పెద్ద కారణమని నా నమ్మకం.

మీ దగ్గర అంత యంత్రాంగం ఉండదు. ఫరవాలేదు, మొదట్లో ఆ పని మీరే చెయ్యండి. పింటరెస్ట్ 2010లో మొదలైనప్పుడు నెలలు గడిచినా జనం పెద్దగా రాలేదు. దాన్ని పెట్టినవాళ్లలో ఒకరైన బెన్ సిల్బర్‌మన్ మొదటి అయిదువేలమందికి స్వయంగా ఉత్తరాలు రాశాడు, తన ఫోన్ నంబరు కూడా ఇచ్చాడు. మీ మొదటి రెండువందలమందిలో ప్రతి ఒక్కరి పనికీ మొదటి రోజే ఒక నిజమైన మాట అందాలి. ‘సూపర్’ అని కాదు. ‘రెండో చరణంలో మీరు తీసుకున్న గమకం బాగుంది’ అని. విన్నానని తెలిసే మాట. ఇది కొన్నాళ్లు మీ బృందమే చెయ్యాలి, తరవాత మీరు చూపిన మర్యాదనే వాడేవాళ్లు పట్టుకుంటారు. అవమానాలతో మొదలైన చోట అవమానాలే పెరుగుతాయి. ఆడపిల్లల వీడియోల కింద చెత్త కామెంట్లు ఆపలేని యాప్‌లో రెండో వీడియో పెట్టమని వాళ్లను అడిగే హక్కు మనకు లేదు. రిపోర్టు చేసిన కామెంటు అదే రోజు పోవాలి.

పేరు తెచ్చినవాళ్లు వెళ్లిపోతే

వైన్ మంచి యాప్. 2012 అక్టోబరులో ట్విటర్ కొన్నది, 2013 జనవరిలో విడుదలైంది. ఒక్కో వీడియో ఆరు సెకన్లు. తెరమీద వేలు పెడితే రికార్డయ్యేది, తీస్తే ఆగేది. ఆ ఒక్క ఏర్పాటుతో కొత్త రకం హాస్యం ఎంతో పుట్టింది. 2015లో అందులో బాగా పేరున్న సుమారు 18 మంది కంపెనీతో మాట్లాడారు. తలా పన్నెండు లక్షల డాలర్లు ఇస్తే నెలకు పన్నెండు వీడియోల చొప్పున చేస్తామని, వేధించే కామెంట్లను అదుపు చెయ్యాలని అడిగారు. ఒప్పందం కుదరలేదు. వాళ్లు యూట్యూబ్‌కీ ఇన్‌స్టాగ్రామ్‌కీ వెళ్లిపోయారు, వాళ్లవెంట చూసేవాళ్లూ వెళ్లారు. 2016 అక్టోబరులో మూసివేత ప్రకటించారు.

అంత డబ్బు ఇచ్చి ఉండాల్సిందని నేను అనను. తమ శ్రమకు ఇక్కడ భవిష్యత్తు ఉందని వాళ్లకు కనిపించి ఉండాల్సింది. యూట్యూబ్ 2007లోనే ప్రకటనల ఆదాయంలో వాటా ఇవ్వడం మొదలుపెట్టింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో చానెల్ ఏళ్లతరబడి నడవడానికి, అందులోని గంగవ్వ తెలుగువాళ్లందరికీ ఇంటిమనిషి కావడానికి ఆ ఆదాయపు దారి కూడా ఒక ఆధారం. మీరు డబ్బు ఇవ్వలేకపోతే ఇంకేదైనా ఇవ్వండి. పేరు ఇవ్వండి, అవకాశం ఇవ్వండి, వాళ్ల పనిని వాళ్లు దాచుకుని వేరేచోటికి తీసుకెళ్లే స్వేచ్ఛ ఇవ్వండి.

ఆ లంబాడిపల్లి కార్యక్రమంలో ఇంకో సంగతి ఉంది. అక్కడ ఎవరూ తమ యాస మార్చుకోలేదు. మన యాప్‌ల తెలుగు చూస్తే బాధేస్తుంది. ‘మీ విషయాన్ని ఎగుమతి చేయండి’ అని ఉంటుంది బటన్ మీద. ‘వీడియో పెట్టండి’ అంటే సరిపోయేదానికి. ఐఐటీ కాన్పూరు కుర్రాళ్లు ముగ్గురు 2015లో షేర్‌చాట్ పెట్టి ఇంగ్లీషు లేకుండా భారతీయ భాషల్లోనే నడిపారు. ఇది మనకోసం చేసిందని జనానికి అర్థమైంది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించాక మోజ్, జోష్, చింగారి, రొపొసో లాంటి దేశీయ యాప్‌లకు ఒక్కసారిగా కోట్లలో డౌన్‌లోడ్లు వచ్చాయి. ఖాళీ అయిన కుర్చీ ఎదురుగా ఉంది. అయినా ఎక్కువమంది చివరికి ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లోనూ యూట్యూబ్ షార్ట్స్‌లోనూ స్థిరపడ్డారు. వాళ్ల స్నేహితులు, చూపరులు అప్పటికే అక్కడున్నారు. డౌన్‌లోడ్ల మీద నాకు నమ్మకం తగ్గడానికి ఈ అనుభవం చాలు.

ఉంచుకోవడానికీ కట్టెయ్యడానికీ తేడా

మనుషుల్ని పట్టి ఉంచే చవకరకం పద్ధతులు కూడా ఉన్నాయి. స్నాప్‌చాట్‌లో ఇద్దరు స్నేహితులు రోజూ తప్పకుండా స్నాప్‌లు పంపుకుంటే పేర్ల పక్కన మంట గుర్తు, రోజుల సంఖ్య కనిపిస్తాయి. గడువు దగ్గరపడితే ఇసుక గడియారం వస్తుంది. ఊరెళ్లేటప్పుడు ఆ వరస తెగకూడదని పిల్లలు తమ పాస్‌వర్డులు స్నేహితులకు ఇచ్చి వెళ్లిన సందర్భాలున్నాయి. పంపే ఫోటోలో ఏముందన్నది ఎవరికీ పట్టదు, గోడ ఫోటో అయినా చాలు. ఇది రాకపోకల లెక్కను పెంచుతుంది, సృజనను చంపుతుంది. ఎప్పుడు ఎన్ని లైకులు వస్తాయో తెలియనివ్వకుండా మాటిమాటికీ చూసుకునేలా చెయ్యడం కూడా ఇదే కోవలోది.

నేను పెట్టుకున్న పరీక్ష సాదాది. మీ నోటిఫికేషన్ వెనక నిజంగా ఒక మనిషి ఉన్నాడా? ‘ఫలానావారు మీ పాటలో గొంతు కలిపారు’ అన్నది న్యాయమైన పిలుపు. ‘మీరు వచ్చి మూడు రోజులైంది, మీ వరస పోతుంది’ అన్నది బెదిరింపు. మీ చెల్లెలి ఫోన్‌కి ఏది రావాలని కోరుకుంటారో అదే ఇతరుల పిల్లలకూ పంపండి.

ఈ నెల చెయ్యవలసింది

ఫీచర్ల జాబితా పక్కన పెట్టి ఒకే ఒక్క పని ఎంచుకోండి. మీ ఇంట్లోనో వీధిలోనో ఆ పని ఇష్టపడే మనిషి పక్కన కూర్చుని ఫోన్ చేతికివ్వండి. మీరు నోరు తెరవకండి, వేలు పెట్టకండి. వాళ్ల వేలు ఎక్కడ ఆగుతుందో, ముఖం ఎక్కడ ముడుచుకుంటుందో రాసుకోండి. అవే భయం ఉన్న చోట్లు. వాటిని సరిచేశాక, ఒకరికొకరు కొంచెం తెలిసిన ముప్ఫైమందిని తీసుకురండి. ఒక భజన బృందం కావచ్చు, ఒక కాలేజీ నాటక బృందం కావచ్చు. ఒకరు మొదలుపెట్టింది మరొకరు పూర్తిచేసే వీలు కల్పించండి.

నెల చివర రెండోది పెట్టినవాళ్లను లెక్కపెట్టండి. పదిమంది కూడా లేకపోతే కొత్త ఫీచరు ఏదీ జోడించకండి. పెట్టనివాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఎందుకు పెట్టలేదో అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.